బెంగళూరు–రాజమండ్రి విమానం: గంటా పావా, గంటా యాభైయా?

పెళ్ళికి వెళ్ళేవాడు: సాయంత్రం నుంచి దీంతోనే బుర్ర వేడెక్కిపోయింది. బెంగళూరు నుంచి రాజమండ్రికి గాల్లో సుమారు 620 కి.మీ., గంటా పావులో దిగిపోవచ్చని ఏ సైట్ చూసినా అదే మాట. నా టికెట్‌లో మాత్రం పొద్దున్న 6:40కి బయల్దేరి 8:30కి చేరుతుందని ఉంది. మధ్యలో ఎక్కడైనా ఆపుతారా? తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

హెబ్బాళ బాధితుడు: టికెట్‌లో ఉన్నదే టైమ్.

రైలుబండి: శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఉండగా ఈ తంటా ఎందుకండీ? రాత్రంతా పడుకుని లేచి, గోదారి వంతెన మీద కిటికీలోంచి చిల్లర వేసి దిగొచ్చు.

మ్యాపుల మావయ్య: 620 అనేది రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గర దారి. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు. కింద నుంచి విమానాలకి దారి చూపే ఏటీసీ వాళ్ళు చెప్పిన దారిలో పోతుంది, దిగేముందు రన్‌వేకి ఎదురుగా రావడానికి చుట్టు తిరుగుతుంది. అసలు పైలట్లు లెక్కేసేది నాటికల్ మైళ్ళలో. ఒక్కోటి 1.852 కి.మీ. ఆ లెక్కన మీది 335 మైళ్ళు.

హెబ్బాళ బాధితుడు: ఆయన అడిగింది అది కాదు.

మ్యాపుల మావయ్య: పునాది తెలియకుండా జవాబు చెప్పి ఏం లాభం బాబూ?

కిటికీ సీటు: ఏ విమానమో చెప్పనే లేదు మీరు. టికెట్‌లో ఏటీఆర్ అని ఉందేమో చూడండి. అది చిన్న విమానం, రెక్కలకి ఫ్యాన్లు ఉంటాయి, వెనక తలుపు నుంచి ఎక్కిస్తారు. గంటకి 500 కి.మీ. అటూ ఇటూగా పోతుంది. ఎయిర్‌బస్ అయితే 800 దాటుతుంది, సైట్లు ఆ వేగంతోనే లెక్కేస్తాయి. పైగా టికెట్ టైమ్ అంటే ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా. దేవనహళ్ళిలో, అదే బెంగళూరు ఎయిర్‌పోర్టులో, పొద్దున్నపూట రన్‌వే దాకా వెళ్ళడానికే పావుగంట పట్టొచ్చు. నాన్‌స్టాప్ అని ఉంటే ఎక్కడా ఆగదు. అన్నట్టు, ఏటీఆర్‌లో పైన అరలు చిన్నవి. పెద్ద బ్యాగు కౌంటర్లో ఇచ్చేయండి.

పెళ్ళికి వెళ్ళేవాడు: టికెట్‌లో డైరెక్ట్ అని ఉంది. రెండూ ఒకటేగా?

మ్యాపుల మావయ్య: కాదు! దారిలో ఒక ఊళ్ళో దిగి, అదే ఫ్లైట్ నంబరుతో మళ్ళీ ఎగిరినా డైరెక్టే అంటారు.

కిటికీ సీటు: మావయ్యగారూ, ఆయన్ని ఇంకా భయపెట్టకండి. మధ్యలో దిగి ఎగరాలంటే గంటా యాభై చాలదు.

పెళ్ళికి వెళ్ళేవాడు: హమ్మయ్య. అవునండీ, ఏటీఆర్ 72 అనే ఉంది. ముహూర్తం 10:42కి, అమలాపురంలో. సరిపోతుందిగా?

హెబ్బాళ బాధితుడు: అమలాపురమా! ముందే చెప్పొద్దూ? మధురపూడిలో, అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్టులో దిగి, బ్యాగు తీసుకుని, రావులపాలెం మీదుగా వెళ్ళేసరికి రెండు గంటలు పైనే. విమానం అరగంట లేటైతే మీకు మిగిలేది భోజనాలే. ముందురోజే వెళ్ళండి.

రైలుబండి: నేను మొదటే చెప్పా.

పెళ్ళికి వెళ్ళేవాడు: ముందురోజు రేట్లు చూస్తున్నా, మండిపోతున్నాయి. థాంక్స్ అందరికీ. రైలుబండిగారూ, తత్కాల్ దొరుకుతుందంటారా?