"స్టాండ్ అండ్ స్టేర్": ఆ స్టేర్‌కి తెలుగేది?

అటకమీది సంచి:
రెండ్రోజులుగా ఒక పాదం వదలడం లేదు. డబ్ల్యూ.హెచ్. డేవిస్ పద్యం 'లీజర్', బళ్ళో అందరం బట్టీ కొట్టిందే. "వుయ్ హావ్ నో టైమ్ టు స్టాండ్ అండ్ స్టేర్." మా అమ్మాయికి తెలుగులో చెబుదామని "నిలబడి చూసే తీరిక లేదు" అన్నాను. "స్టేర్ చెయ్యడం తప్పని నువ్వే కదమ్మా చెప్పావు?" అంది. నిజమే, బస్సులో ఎవడైనా అలా చూస్తే ఊరుకుంటామా? మరి ఈయన గేజ్ అనకుండా స్టేర్ ఎందుకన్నాడు? పై పాదంలో కేర్ ఉంది కాబట్టి ప్రాస కుదిరిందనా? ఇంకో చిన్న అనుమానం. కొమ్మల కింద నిలబడి గొర్రెల్లా, ఆవుల్లా చూసే తీరిక లేదంటాడే, అక్కడ "షీప్ ఆర్ కౌస్" అనా, "షీప్ అండ్ కౌస్" అనా? నాకు ఆర్ అని గుర్తు.

సుద్దముక్క మాస్టారు:
ప్రాస మీద తోసేస్తే కవికి అన్యాయం చేసినట్టేనమ్మా. పద్నాలుగు పాదాల్లో స్టేర్ మూడుసార్లు వస్తుంది. రెండుసార్లు పాదం చివర ఉంది, అక్కడ మీ మాట ఒప్పుకుంటాను. కానీ నాలుగో పాదంలో మొదట్లోనే ఉంది: "అండ్ స్టేర్ యాజ్ లాంగ్ యాజ్..." అక్కడ ప్రాసతో పనేముంది? గేజ్ అన్నా నడక చెడదు. అయినా అనలేదు. సీ రెండుసార్లు వాడాడు, వాచ్ ఒకసారి. గ్లాన్స్ ఉంది గానీ అది క్రియ కాదు, అందం విసిరిన చూపు. గేజ్ గానీ లుక్ గానీ మచ్చుకైనా లేవు. ఆవులు గ్రేజ్ చేస్తాయి తప్ప గేజ్ చెయ్యవు మరి! (క్లాసులో ఏటా వేసిన జోకే, క్షమించాలి.)

మొలకల చెరువు:
మాస్టారూ, గేజ్ కావాలంటే వర్డ్స్‌వర్త్ దగ్గర బోలెడంత ఉంది. డాఫోడిల్స్ పద్యంలో "ఐ గేజ్డ్ అండ్ గేజ్డ్" అని రెండుసార్లు. 1807లో అచ్చయింది. 1815కి వచ్చేసరికి "డాన్సింగ్" పూలు "గోల్డెన్" అయ్యాయి, "లాఫింగ్ కంపెనీ" కాస్తా "జోకండ్ కంపెనీ" అయింది. ఇన్ని మార్చినాయన గేజ్‌ని మాత్రం ముట్టుకోలేదు. ఎందుకంటే ఆ వెంటనే "వాట్ వెల్త్" అని వస్తుంది, ఆ చూపు వల్ల తనకేం దక్కిందో లెక్క. ఆ తర్వాత ఇంట్లో పడుకుని కూడా దాన్ని తల్చుకుంటాడు. గేజ్‌లో రాబడి ఉంది. స్టేర్‌లో ఏముంది? ఆవు చెట్టుకింద నిలబడి చూస్తే దానికేం వస్తుంది? ఏమీ రాదు. డేవిస్‌కి కావలసింది అదే, దేనికీ పనికిరాని చూపు.

తీగెల వంతెన:
మూలం కూడా చూడండి. స్టేర్‌లో బిగుసుకుపోవడం ఉంది. జర్మన్‌లో ష్టార్ అంటే బిర్రుగా ఉన్నది, ష్టారెన్ అంటే రెప్పెయ్యకుండా చూడటం, అన్నీ ఒకే కుదురు. గేప్‌లో నోరు తెరుచుకోవడం ఉంది. గ్లేర్ అంటే ముందు మెరవడమే, కోపపు చూపు తర్వాత వచ్చి చేరింది. మనం "కళ్ళల్లో నిప్పులు" అన్నట్టే.
నా ఉద్దేశం ఏమిటంటే, ఇంగ్లీషు ఒక్కో చూపుకి ఒక్కో క్రియ పెట్టుకుంది. మనకి క్రియ ఒకటే, చూడు. దాని ముందు మాటే మారుతుంది. గుడ్లప్పగించి, కొరకొరా, ఎగాదిగా, గుచ్చిగుచ్చి, తొంగి, ఓరగా, బిక్కుబిక్కుమంటూ. కాబట్టి స్టేర్ అంటే "గుడ్లప్పగించి చూడు". అయిపోయింది.

పొడగంటి:
అయిపోలేదండీ. క్రియ ఒకటే అని ఎలా అంటారు? కను, కాంచు, పరికించు, తిలకించు ఎటు పోయాయి? నా పేరు చూసైనా గుర్తు రాలేదా! "పొడగంటిమయ్య మిమ్ము పురుషోత్తమా" అన్నాడు అన్నమయ్య. అక్కడ "చూస్తిమయ్య" అని పెట్టి చూడండి, ఎంత చప్పబడుతుందో. పొడ అంటే రూపు. ఇప్పటికీ "వాడి పొడ గిట్టదు" అంటాం కదా, ఆ పొడే. చూడటం మన పని, కనడం అవతలివాడు కనికరిస్తే జరిగేది. సీకీ లుక్‌కీ ఉన్న తేడా కూడా దాదాపు ఇదే.

తీగెల వంతెన:
అన్నమయ్య సరే. మీ ఇంట్లో ఎవరైనా "పాల ప్యాకెట్ పొడగంటివా" అంటారా? నేను చెప్పింది వాడుక మాట గురించి.

పొడగంటి:
వాడుకలోనే "కనబడిందా" అంటారు. కను బతికే ఉంది, మీరు చూడలేదంతే.

మానేరు ఒడ్డు:
అన్నా, మీ కొట్లాట బాగుంది కానీ ఆవుకి గుడ్లప్పగించడం అతకదు. గుడ్లప్పగించడంలో ఆశ ఉంటది, లేకుంటే బెదురు ఉంటది. మా అమ్మమ్మ పనికి రమ్మంటే రాకపోతే ఒక మాట అనేది: "ఏం సోద్యం సూస్తున్నవ్ రా నిలబడి?" నాకైతే స్టాండ్ అండ్ స్టేర్‌కి ఇంతకన్నా దగ్గరి తెలుగు లేదు. నిలబడటం ఉంది, చూడటం ఉంది, పనిమాలిన తిట్టూ ఉంది. మళ్ళీ చోద్యం అంటే అసలు అర్థం వింత, ఆశ్చర్యం. తిట్టు లోపల అంత మంచి మాట దాగుంది! "ఆగి చోద్యం చూసే తీరికే లేకపోయె." అమ్మా, మీ పాపకి ఇది చెప్పి చూడండి.

మొలకల చెరువు:
అబ్బ! ఇది నాకెందుకు తట్టలేదు?

సుద్దముక్క మాస్టారు:
బాగుంది. కానీ ఒక్క చిక్కుంది. చోద్యం చూడాలంటే ఎదురుగా ఏదో జరుగుతుండాలి. ఇద్దరు కొట్టుకోవాలి, బండి బోల్తా పడాలి. డేవిస్ ఆవుల ముందు ఏం జరుగుతోంది? కొమ్మల కింద ఊరికే నిలబడ్డాయి.

మానేరు ఒడ్డు:
ఏమీ జరగకున్నా వింతలాగ చూడమనే కద మాస్టారూ ఆయన చెప్పేది?

థేమ్స్ తిమ్మన్న:
లండన్ నుంచి ఒక ముక్క. ఇక్కడి రైళ్ళలో "ఇంట్రూసివ్ స్టేరింగ్" లైంగిక వేధింపు కిందికి వస్తుందని పోస్టర్లు పెట్టారు. అందులో గేజింగ్ అనలేదు. ఈ పద్యం 1911 నాటిది, కానీ స్టేర్ అప్పటికే మర్యాద గల మాట కాదు. డేవిస్ కూడా మర్యాదస్తుల లెక్కలోకి రాడు. వేల్స్‌లోని న్యూపోర్ట్ మనిషి. అమెరికాలో దేశదిమ్మరిగా తిరిగాడు. 1899లో కెనడాలో కదిలే గూడ్సు బండెక్కబోతే పాదం నలిగిపోయింది, మోకాలి కింద కాలు తీసేశారు. కొయ్యకాలు మనిషి "స్టాండ్" అన్నాడంటే నాకు స్టేర్ కన్నా ఆ స్టాండ్ దగ్గరే గొంతు పట్టేస్తుంది. మీరంతా తప్పు మాట పట్టుకుని వాదిస్తున్నారేమో.

పొడగంటి:
రైలంటే గుర్తొచ్చింది. కృష్ణశాస్త్రి 1920లో బళ్ళారి వెళ్తూ రైల్లోంచి అడవి చూసే కదా "ఆకులో ఆకునై" రాసింది! "ఎటులైన ఇచటనే ఆగిపోనా." ఇదీ స్టాండ్ అండ్ స్టేరే. కాకపోతే మనవాడు చూసి ఊరుకోడు, చూసినదాంట్లో కలిసిపోతానంటాడు. కొమ్మ కింద నిలబడటం కాదు, "కొమ్మలో కొమ్మనై". ఈ చూపుకి ఇంగ్లీషులో క్రియ ఉంటే చెప్పండి.

సుద్దముక్క మాస్టారు:
"ఎటులైన నిచటనే". ఇచటనే కాదు. ఐనన్ అన్నది ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట. తర్వాత అచ్చు వస్తే ఆ నకారం నిలవాలి.

మొలకల చెరువు:
'మేఘసందేశం'లో సుశీల పాడినప్పుడు నా చెవికి ఇచటనే అనే వినిపిస్తుంది మాస్టారూ.

సుద్దముక్క మాస్టారు:
చెవికి వినిపించడం వేరు, కవి రాయడం వేరు. ఆ నకారం తీసేస్తే రెండు మాటల మధ్య సందు పడుతుంది. ఆగిపోనా అనే ముందు ఊపిరి ఆగకూడదు, ఒకే జారుగా పోవాలి.

తీగెల వంతెన:
ఊపిరి ఆగితేనే కదండీ "ఆగిపోనా"కి అందం? నా ఓటు ఇచటనేకే.

అటకమీది సంచి:
అందరికీ థాంక్స్. అమ్మాయికి చోద్యం చెప్పాను. "అంటే ఏంటమ్మా?" అంది. దానికి ఇంకో అరగంట పట్టింది. ఇంతకీ ఆ గొర్రెల దగ్గర ఆర్ అనా, అండ్ అనా?

థేమ్స్ తిమ్మన్న:
నా దగ్గరున్న సంకలనంలో ఆర్.

మొలకల చెరువు:
మా స్కూలు పుస్తకంలో అండ్.

సుద్దముక్క మాస్టారు:
దానికి రేపు జవాబిస్తానమ్మా. ముందు ఈ ద్రుతం సంగతి తేలనివ్వండి. వంతెన గారూ, ఉన్నారా?