ఏడో పుస్తకంలో కథ మధ్యలో ఆగిపోయింది. ఎనిమిదోది ఎక్కడ దొరుకుతుంది?

సిరిసిల్ల చదువరి (రాత్రి 11:50)
అందరికీ నమస్కారం. సాయంత్రం ఏడింటి నుంచి ఇదే పని మీద కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. నా సెట్‌లో ఏడో పుస్తకం నిన్న రాత్రి పూర్తిచేశాను. నిజానికి పూర్తి కాలేదు, కథ నట్టనడుమ ఆగిపోయింది. నల్లబట్టల కుర్రాడు కత్తిపోట్లు తిని పడిపోయాడు, బతికాడో లేదో చెప్పలేదు. ఆ అమ్మాయేమో గడ్డి మైదానంలో నిలబడి ఉంటే గుర్రాలవాళ్లు వచ్చేశారు, తర్వాత ఏమైందో లేదు. ఆత్రంగా పేజీ తిప్పితే ఏ వంశంలో ఎవరున్నారు, ఎవరికి ఎవరు కొడుకు అని చివరిదాకా పేర్ల పట్టికలే. పేజీ నంబర్లు వరసగానే ఉన్నాయి. బైండింగు విప్పదీసి లైటుకు పెట్టి కూడా చూశాను, చింపిన గుర్తు లేదు. కొన్నచోట అడిగితే "ఫుల్ సెట్టే, ఏడు వాల్యూములు" అని ఒకటే మాట, మార్చి ఇవ్వరట. నెట్‌లో ఒకరు మొత్తం ఐదే అంటారు, ఇంకొకరు ఆరోది రావాలంటారు. నా ముందు ఏడు కనబడుతున్నాయి! ఎనిమిదోది ఎక్కడ దొరుకుతుందో చెప్పండి చాలు.

ముక్కుసూటి (రాత్రి 11:58)
ఏ సిరీస్?

గోదారి గట్టు (అర్ధరాత్రి 12:03)
హారీ పాటర్ అయితే ఏడింటితోనే అయిపోతుంది బ్రదర్. ఎనిమిదో నవల లేదు. కానీ అందులో కథ మధ్యలో ఆగదే?

సిరిసిల్ల చదువరి (12:06)
బ్రదర్ కాదండి. హారీ పాటర్ కూడా కాదు. డ్రాగన్లది. టీవీలో వచ్చింది కదా, కత్తులన్నీ కరిగించి చేసిన సింహాసనం. అందరికీ తెలిసిందే అని పేరు రాయలేదు.

ముక్కుసూటి (12:07)
జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ గారి ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్, టీవీలో గేమ్ ఆఫ్ థ్రోన్స్. ఆరోది రాలేదు. 2011 తర్వాత ఈ కథను ముందుకు తీసుకెళ్లే నవల ఒక్కటీ రాలేదు.

సిరిసిల్ల చదువరి (12:09)
ఆరోదే రాకపోతే నా చేతిలో ఏడోది ఎట్లా ఉందండీ?

వానకోయిల (12:21)
చెల్లీ, కంగారుపడకు. నీ పుస్తకంలో పేజీలేమీ పోలేదు. ముందు నాకు ఒకటి చెప్పు. నీ ఏడో దాని అట్ట మీద పేరు కింద "ఆఫ్టర్ ద ఫీస్ట్" అని ఉందా? మూడో దాని మీద "స్టీల్ అండ్ స్నో", నాలుగో దాని మీద "బ్లడ్ అండ్ గోల్డ్" అని ఉన్నాయా?

సిరిసిల్ల చదువరి (12:24)
ఉన్నాయి అక్కా! మూడూ ఉన్నాయి.

వానకోయిల (12:40)
అయితే అదే సంగతి. నీది బ్రిటన్‌లో హార్పర్ వాయేజర్ వేసే పేపర్‌బ్యాక్ సెట్. మన దేశంలో ఎక్కువగా కనబడేది అదే. ఈ కథలో ఇప్పటిదాకా వచ్చిన నవలలు ఐదే: ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్ 1996, ఎ క్లాష్ ఆఫ్ కింగ్స్ 1998, ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్ 2000, ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్ 2005, ఎ డ్యాన్స్ విత్ డ్రాగన్స్ 2011. వీటిలో మూడోదీ ఐదోదీ మరీ లావు కాబట్టి పేపర్‌బ్యాక్‌లో రెండేసి ముక్కలు చేశారు. అందుకే ఐదు కాస్తా ఏడయ్యాయి. అమెరికా సెట్‌లో ఐదే ఉంటాయి, నెట్‌లో ఐదు అన్నవాళ్లది కూడా అబద్ధం కాదు.

ఇంకో చిక్కేమిటంటే రచయిత మొదట మూడు నవలలే అనుకున్నారు, రాస్తూ రాస్తూ ఏడుకు పెంచారు. "మొత్తం ఏడు" అని ఎక్కడో చదివి, ఏడున్న పెట్టె చూసి, కథ మొత్తం చేతికొచ్చిందనుకునే వాళ్లు చాలామంది. నేనూ అలాగే కొన్నాను. రావలసినవి రెండు: ఆరోది ద విండ్స్ ఆఫ్ వింటర్, ఏడోది ఎ డ్రీమ్ ఆఫ్ స్ప్రింగ్. నువ్వు ఆగిపోయిన చోటే ప్రపంచమంతా 2011 జులై నుంచి ఆగి ఉంది.

సిరిసిల్ల చదువరి (12:44)
2011 నుంచా!! అప్పుడు నేను తొమ్మిదో తరగతి.

కొత్తపేట లైబ్రరీ (ఉదయం 6:15)
ఈ గొడవంతా మాటలు సరిగ్గా వాడకపోవడం వల్ల వచ్చింది. వాల్యూమ్ అంటే సంపుటం, పార్ట్ అంటే భాగం. రచయిత రాసింది ఒక నవల, దాన్ని ప్రచురణకర్త రెండు సంపుటాలుగా వేశాడు. నవల ఒకటే. కవిత్రయ భారతం మా లైబ్రరీలో ఒక వరసలో పదిహేను బైండులు, ఇంకో వరసలో ఏడు. అంతమాత్రాన పర్వాలు పద్దెనిమిది కాకుండా పోతాయా? అమ్మినవాళ్లు "ఏడు సంపుటాలు, ఐదు నవలలు" అని చెప్పి ఉంటే ఈ అమ్మాయికి నిద్ర చెడేది కాదు.

డీటీపీ బెజవాడ (7:02)
నమస్తే సార్. ప్రెస్సులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. మాకు ఒక అట్ట, ఒక బైండు ఉంటే అది ఒక పుస్తకమే. బిల్లు కూడా అట్లాగే వేస్తాం. లోపల కథ సగమా, మొత్తమా అన్నది మా లెక్కలోకి రాదు. కాబట్టి ఆ షాపువాళ్లు తప్పు చెప్పలేదు. పైగా మీరన్నది సంపుటమా, సంపుటా? మా దగ్గరికి వచ్చే కథల పుస్తకాలన్నింటి మీదా "సంపుటి" అనే వేయమంటారు.

కొత్తపేట లైబ్రరీ (7:30)
సంపుటి అంటే విడివిడి కథలో కవితలో ఒకచోట చేర్చింది. సంపుటం వేరు. రెండూ కలిపేయకండి.

రాత్రి షిఫ్ట్ (7:48)
నేను మూడో పుస్తకంలో ఉన్నాను, నల్లబట్టల ఆయనకు ఏమవుతుందో పైనే రాసేశారు. దయచేసి అలాంటివి ముందు చెప్పి రాయండి. సరే, అయిపోయింది. కానీ 2011 నుంచి ఒక మనిషి ఒకే పుస్తకం రాస్తున్నారంటే నమ్మలేకపోతున్నా. అసలు రాస్తున్నారా?

వానకోయిల (8:20)
రాస్తున్నారు. 2016 జనవరిలో ఆయనే తన బ్లాగులో రాశారు, ప్రచురణకర్తలు ఇచ్చిన గడువు దాటిపోయింది, పుస్తకం పూర్తి కాలేదు అని. ఆ ఏడాదే టీవీ కథ పుస్తకాలను దాటి ముందుకెళ్లింది. ఆ రోజు ఆ పోస్టు చదివి నాకు ఆయన మీద కోపం రాలేదు, బాధేసింది. చెప్పడానికి ఎంత కష్టపడ్డారో ఆ రాతలోనే తెలుస్తుంది. తర్వాత 2022లో నాలుగింట మూడొంతులు అయిందన్నారు, దాదాపు 1,100 పేజీలు. 2023లోనూ అదే 1,100 అన్నారు. అవి రాతప్రతి పేజీలు, అచ్చు పేజీలు కావు. ఐదో నవల రాతప్రతి దాదాపు 1,500 పేజీలు, ఇది అంతకన్నా పెద్దదవుతుందంటున్నారు. మధ్యలో 2018లో ఫైర్ అండ్ బ్లడ్ వచ్చింది కానీ అది ఈ కథాలోకంలోని పాత రాజుల చరిత్ర. నీ కుర్రాడు బతికాడో లేదో అందులో దొరకదు చెల్లీ.

డీటీపీ బెజవాడ (9:05)
మార్టిన్ గారు ఇప్పటికీ డాస్ అనే పాత వ్యవస్థ మీద, వర్డ్‌స్టార్ 4.0 అనే పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లో రాస్తారు, ఇంటర్నెట్ లేని కంప్యూటర్ మీద. 2014లో ఒక టీవీ కార్యక్రమంలో ఆయనే చెప్పారు. దాన్ని పట్టుకుని "అందుకే ఆలస్యం" అనేవాళ్లను చూస్తే నాకు మండుతుంది. నేను ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, పాత అను తెలుగు ఫాంట్లతోనే పేజీలు కడతాను. యూనికోడ్‌కు మారమంటారు, మార్చితే ఒక్కోసారి వత్తులు ఎగిరిపోతాయి, మళ్లీ ప్రూఫు మొదటి నుంచి. చేతికి అలవాటైన సాఫ్ట్‌వేర్ పనిని ఆపదు. రాతప్రతి ఆలస్యమయ్యేది రచయిత తలలో, కీబోర్డు దగ్గర కాదు. ఒకాయన పన్నెండో అధ్యాయం కోసం మమ్మల్ని నాలుగేళ్లు ఆపారు. వచ్చాక చూస్తే ఆ అధ్యాయమే పుస్తకానికి ప్రాణం.

అటక మీద చందమామ (10:40)
ఇంతమంది మాట్లాడారు, మన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఒక్కరూ ఎత్తలేదు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి, చందమామలో ఆయన రాసిన సీరియల్స్ మీద పేరు కూడా వేసేవారు కాదు. ఎవరు రాస్తున్నారో తెలియకుండానే తరాలు చదివాయి. చిత్రా గారి బొమ్మలు! రాకాసిలోయ వచ్చే రోజుల్లో మా అన్నయ్య బస్టాండు దగ్గర పుస్తకాల కట్ట విప్పేదాకా నిలబడేవాడు. అట్ట ఇంకా చల్లగా, సిరా వాసనతో ఉండేది. కింద "ఇంకా వుంది" అని చూస్తే ఏడుపొచ్చేది. కానీ నెల తిరిగేసరికి వచ్చి తీరేది. ఎదురుచూపంటే అది. తేదీ తెలిసిన ఎదురుచూపులో ఒక సుఖముంది. ఈ పిల్లలకు ఆ సుఖం లేకపోవడమే నాకు బాధ.

కొత్తపేట లైబ్రరీ (10:55)
మీరంటున్నది సీరియల్. ఇక్కడ మాట్లాడుతున్నది సిరీస్. రెండింటికీ పోలిక కుదరదు.

అటక మీద చందమామ (11:01)
చదివేవాడి గుండెకు రెండూ ఒకటేనండి.

గోదారి గట్టు (11:15)
ఒక మాట అడగాలంటే భయంగా ఉంది. ఆయన 1948లో పుట్టారు. ఒకవేళ పూర్తి కాకపోతే? వీల్ ఆఫ్ టైమ్ అనే ఇంకో సిరీస్ విషయంలో జరిగింది కదా. రాబర్ట్ జోర్డాన్ 2007లో పోయారు, ఆయన నోట్స్ పెట్టుకుని బ్రాండన్ శాండర్సన్ మూడు పుస్తకాల్లో పూర్తిచేస్తే చివరిది 2013లో వచ్చింది.

వానకోయిల (11:22)
అలాంటి మాట వద్దు. ఆయన బాగుండాలి, నిదానంగానే రాసుకోవాలి.

సిరిసిల్ల చదువరి (మధ్యాహ్నం 1:35)
అందరికీ కృతజ్ఞతలు. అంటే ఆరో నవల ఎక్కడా లేనట్టే కదా? మరి నేను నిన్న తొమ్మిదింటికి ఒకాయనకు 700 అడ్వాన్స్ పంపాను. "ఎనిమిదో వాల్యూమ్, కొత్త స్టాక్, ఇండియాకు ముందే వచ్చింది" అని ఫోటో పెట్టాడు. అట్ట మీద విండ్స్ ఆఫ్ వింటర్ అనే ఉంది. మిగతా 500 పుస్తకం వచ్చాక ఇవ్వమన్నాడు.

ముక్కుసూటి (1:36)
ఇది ముందు చెప్పాల్సింది. మోసం. 1930కి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే.

వానకోయిల (1:44)
అయ్యో చెల్లీ! 1930 సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. యూపీఐ లావాదేవీ నంబరు, ఆ ఫోటో, అతనితో జరిగిన మాటల స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకో. మీ బ్యాంకుకు కూడా చెప్పు. అతను ఏ లింకు పంపినా నొక్కొద్దు, మిగతా 500 పంపొద్దు. ఫ్యాన్స్ చేసుకున్న అట్ట బొమ్మలు నెట్‌లో బోలెడు, దాన్నే తీసుకుని ఉంటాడు. ఆరోది వచ్చిన రోజున ఆయన బ్లాగులో, ప్రచురణకర్తల దగ్గర, పేపర్లలో అంతటా ఒకేసారి గోల అవుతుంది. ఒక్క మనిషి దగ్గరికి ముందుగా రాదు.

నువ్వు ఫోన్ చేసి వచ్చాక ఒక పని చెయ్యి. నాలుగో నవల చివర రచయిత రాసిన చిన్న మాట ఒకటి ఉంటుంది, అది చదువు.

సిరిసిల్ల చదువరి (3:20)
ఫోన్ చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అక్కా, నాలుగోది తీసి చూశాను, అలాంటి మాటేమీ లేదు. మళ్లీ పట్టికలే.

కొత్తపేట లైబ్రరీ (3:28)
చూశారా! నాలుగో నవల వేరు, నాలుగో సంపుటం వేరు. మీ పెట్టెలో ఐదోది తీయండి, ఫీస్ట్ ఫర్ క్రోస్.

వానకోయిల (3:31)
నా పొరపాటే. అవును, నీ పెట్టెలో ఐదోది. అందులో టిరియన్, నీ మైదానం అమ్మాయి డెనేరిస్, నీ నల్లబట్టల కుర్రాడు జాన్ ఎందుకు కనబడలేదో ఆ మాటలోనే చెబుతారు. అందరి కథా సగం చెప్పడం కన్నా సగం మంది కథ పూర్తిగా చెప్పడం మేలనుకున్నారట. మిగతావాళ్లది వచ్చే ఏడాది వస్తుందని ఆశపడ్డారు. రాసింది 2005లో. ఆ వచ్చే ఏడాది ఆరేళ్లకు వచ్చింది. నేను ఎప్పుడు దిగులుపడ్డా ఆ పేజీ తీసి చదువుతాను. మనకన్నా ఆయనే ఎక్కువగా ఎదురుచూస్తున్నట్టుంటుంది.

రాత్రి షిఫ్ట్ (సాయంత్రం 5:10)
అంతవరకూ టీవీ సిరీస్ చూసేస్తే సరిపోదా?

ముక్కుసూటి (5:11)
సరిపోదు.

డీటీపీ బెజవాడ (5:40)
టీవీ సంగతి నాకు తెలియదు కానీ, ఆ 1,500 పేజీల రాతప్రతి ఒకే బైండుగా కుట్టాలంటే వెన్ను మీద బరువు పడుతుంది. అమెరికాలో ఒకటిగానే వేశారు కానీ, బ్రిటన్ పేపర్‌బ్యాక్‌వాళ్లు రెండు ముక్కలు చేశారు. ఆరోది వచ్చినా అట్లాగే రావచ్చు చూడండి, మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.

సిరిసిల్ల చదువరి (నాలుగు రోజుల తర్వాత, రాత్రి 10:15)
డబ్బు వెనక్కి రాలేదు కానీ అతని ఖాతాలో ఆపారట, చూడాలి. ఆ పేజీ చదివాను అక్కా. మొదటిది మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి పట్టికలు కూడా చదువుతున్నా. అందరికీ థాంక్స్.

కొత్తపేట లైబ్రరీ (10:32)
మంచిదమ్మా. సంపుటం, సంపుటి సంగతి మాత్రం తేలలేదు. రేపు సూర్యరాయాంధ్ర నిఘంటువు తీసి చూసి ఇక్కడే రాస్తాను.