“ఉడతాభక్తి”: మొదటి ప్యాచ్ పంపేటప్పుడు ఈ మాట వాడొచ్చా?

ఎచ్చెర్ల నుంచి, విద్యార్థి:

అందరికీ నమస్కారం. నేను ఎచ్చెర్లలో ఇంజనీరింగ్ చదువుతున్నాను, మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఫోన్లో నోట్సు రాసుకునే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) యాప్ ఒకటి వాడుతుంటాను. ప్రతి నోటు పక్కన గుండ్రటి బొమ్మలో పేరులోని మొదటి రెండక్షరాలు చూపిస్తుంది. “విజయనగరం” అని పేరు పెడితే “వి” అని వస్తోంది. “శ్రీకాకుళం” అని పెడితే “శ్” అని వస్తోంది. కోడ్ తెరిచి చూశాను, తప్పెక్కడుందో దొరికినట్టే ఉంది. సరిచేసి, ఆ మార్పుని ప్యాచ్‌గా పంపుదామనుకుంటున్నాను. ఇంతవరకు ఏ ప్రాజెక్టుకీ ఏమీ పంపినవాణ్ణి కాదు.

మా క్లాసు గ్రూపులో “నా ఉడతాభక్తిగా ఒక ప్యాచ్ పంపుతున్నాను” అని రాస్తే, “కోడ్‌కి భక్తేటిరా, కాంట్రిబ్యూషన్ అను” అన్నాడు మా సీనియర్. ఈ చోట ఉడతాభక్తి అనొచ్చా, కూడదా? కూడదంటే వేరే మాటేది? పనిలో పనిగా, ఎక్కణ్ణించి మొదలెట్టాలో కూడా తెలిసినవాళ్ళు చెప్తే సంతోషం.

బొబ్బిలి నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:

బాబూ, మాట సంగతి నేను చెప్తాను. కోడ్ సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు.

ఉడుత కథ వాల్మీకి రామాయణంలో లేదు. మన రంగనాథ రామాయణంలో ఉంది, అంతకన్నా ఎక్కువగా జనం నోట్లో ఉంది. వానరులు కొండలు మోసుకొచ్చి వారధి కడుతుంటే ఉడుత నీళ్ళలో మునిగి, ఇసకలో పొర్లి, ఒంటికి అంటిన ఇసకని వారధి మీద దులిపింది. రాముడు వీపు నిమిరితే చారలు పడ్డాయంటారు. ఉడుతాభక్తి అని రాసినా, ఉడతాభక్తి అని రాసినా తప్పు లేదు. మధ్యలో ఆ దీర్ఘం నోరు సాగదీసుకున్నది, అలాగే నిలిచిపోయింది.

వాడుకలో ఒక కట్టుబాటుంది. ఇది ఇచ్చేవాడు తన గురించి తను అనుకోవలసిన మాట. “ఏదో నా ఉడతాభక్తి” అంటే వినయం. “మీ ఉడతాభక్తి మీరూ ఇవ్వండి” అంటే ఎదుటివాడి సాయాన్ని వాడు ఇవ్వకముందే చిన్నది చేసినట్టు. ఈమధ్య చందా పుస్తకాలు పట్టుకొచ్చే కుర్రాళ్ళు ఇలాగే అంటున్నారు, వినడానికి కటువుగా ఉంటుంది. నువ్వు నీ గురించే అనుకున్నావు కాబట్టి నీ వాక్యంలో తప్పు లేదు.

విజయనగరం నుంచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని:

మాస్టారూ, నమస్కారం. కట్టుబాటు గురించి మీరు చెప్పినదానికి అడ్డు చెప్పను. కానీ ఈ పనికి ఆ మాట నప్పదని నా అభిప్రాయం. తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకి జవాబు చెప్తే మొదటిదానికీ అందులోనే దొరుకుతుంది, పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు ఆ బగ్గు చూద్దాం. శ్రీకాకుళం అంటే మనకి నాలుగక్షరాలు: శ్రీ, కా, కు, ళం. కంప్యూటర్లో లిపులకి గుర్తులిచ్చే పద్ధతి యూనికోడ్, దాని లెక్కలో అవి 10 గుర్తులు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. యాప్ రాసినవారు మొదటి రెండూ తీసుకోమన్నారు. శ, పొల్లు వచ్చాయి, అదే నీకు కనబడిన “శ్”. విజయనగరంలో మొదటి రెండూ వ, గుడి కాబట్టి “వి” వచ్చింది. నిజానికి రెండక్షరాలంటే “విజ” రావాలి. అంటే మా ఊరి పేరూ తప్పే వస్తోంది, చూడ్డానికి నిండుగా ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించుకునేవారికి ఇది ఎప్పటికీ కనబడదు. నీకు కనబడింది. ఆ ప్రాజెక్టుకి నీ అవసరం అక్కడుంది.

దీనికి మందు, అక్షరాన్ని అక్షరంగా గుర్తించి కోసే లైబ్రరీని, అంటే ఇదివరకే రాసిపెట్టిన కోడ్‌ని, పిలవడం. యూనికోడ్‌వారు అందుకు నియమాలు రాసి పెట్టారు. అందులోనూ ఒక చిక్కుంది. పొల్లుతో కలిసిన ఒత్తక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం తెలుగుకి 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తో చేరింది. లైబ్రరీ పాతదైతే శ్రీని శ్, రీ అని రెండు ముక్కలు చెయ్యొచ్చు. నీ ప్రాజెక్టు ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ వాడుతోందో చూసుకోకుండా కోడ్ మీద చెయ్యి పెట్టకు.

ఇప్పుడు పని మొదలెట్టే తీరు. ప్రాజెక్టు పేజీలో రీడ్‌మీతో (ప్రాజెక్టు పరిచయం ఉండే ఫైలుతో) పాటు కాంట్రిబ్యూటింగ్ అనే ఫైలు ఉందేమో చూడు. ఉంటే మొదటినుంచి చివరిదాకా చదువు. కోడ్ ఎలా రాయాలి, ఏ బ్రాంచ్ (కోడ్‌లో విడిగా తీసుకున్న పాయ) మీద పని చెయ్యాలి, కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే పరీక్షలు ఎలా నడపాలి, అన్నీ అందులోనే ఉంటాయి. లైసెన్స్ ఫైలూ చూడు. నువ్వు పంపే కోడ్ మామూలుగా ఆ లైసెన్స్ కిందికే వెళ్తుంది, తరవాత ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆ సంగతి తెలిసి, ఇష్టపడి ఇవ్వాలి. తరవాత ఇష్యూల (యాప్‌లో కనబడిన తప్పులు రాసే) జాబితాలో ఇదే బగ్గు ఇదివరకే ఎవరైనా రాశారేమో వెతుకు, మూసేసిన వాటిలో కూడా వెతుకు. లేకపోతే నువ్వే ఒకటి తెరిచి, “నేను సరిచెయ్యనా, ఈ దారిలో చేద్దామనుకుంటున్నాను” అని అడుగు. అడక్కుండా వారం కూర్చుని రాసి పంపాక, “దీన్ని వేరే పద్ధతిలో మేమే మారుస్తున్నాం” అని వాళ్ళంటే ఆ శ్రమంతా పోతుంది.

సరేనన్నాక ఫోర్క్ చేసుకో, అంటే ప్రాజెక్టుకి నీ ఖాతాలో ఒక నకలు తీసుకో. దాన్ని నీ కంప్యూటర్లోకి క్లోన్ చేసుకో. ఒక్క అక్షరం మార్చకముందే బిల్డ్ చేసి (కోడ్‌ని నడిచే యాప్‌గా మార్చి), ఉన్న పరీక్షలన్నీ నడుపు. కొత్తవాళ్ళు ఎక్కువగా వదిలేసే మెట్టు ఇదే. మొదట్లోనే తప్పిన పరీక్ష ఉంటే, అది నీ మార్పు వల్ల తప్పిందో ఎప్పణ్ణించో తప్పుతోందో తరవాత తేల్చుకోలేవు. ఆపైన విడిగా ఒక బ్రాంచ్ తీసి, ఈ బగ్గుకి కావలసినంతే మార్చు. పక్కనున్న కోడ్ అందంగా లేదని దాన్నీ సర్దకు, చదివేవారికి ఏది ఎందుకు మారిందో తెలియకుండా పోతుంది. కొత్త పరీక్ష రాసి అందులో శ్రీకాకుళం, విజయనగరం, స్త్రీ, క్ష్మా లాంటివి పెట్టు. ఒక్క అక్షరమే ఉన్న పేరూ పెట్టు, అసలు ఖాళీగా ఉన్న పేరూ పెట్టు. అప్పుడు పుల్ రిక్వెస్ట్ తెరువు, అంటే నీ మార్పుని ప్రాజెక్టులో కలుపుకోమని అడుగు. గిట్‌ల్యాబ్ మీద ఉన్న ప్రాజెక్టైతే దాన్నే మెర్జ్ రిక్వెస్ట్ అంటారు. లినక్స్ కెర్నెల్ వాళ్ళు ఇప్పటికీ ఈమెయిల్లోనే ప్యాచ్‌లు తీసుకుంటారు, ప్రతి ప్యాచ్ కిందా పంపినవాడు తన పేరుతో సైన్డ్-ఆఫ్ వరస (దీన్ని పంపే హక్కు నాకుందనే సంతకం) రాయాలి. ఎవరింటి పద్ధతి వారిది.

ఇక మాట. ఉడుత దులిపిన ఇసకని ఎవరూ పరీక్షించలేదు, పరీక్షించక్కర్లేదు, అది ప్రేమతో ఇచ్చింది. ప్యాచ్ అలా కాదు. నువ్వు పంపిన ప్రతి వరసా ఒక మనిషి కూర్చుని చదవాలి, ఆ మనిషి చాలాసార్లు జీతం లేకుండా, తన ఉద్యోగం అయ్యాక రాత్రిపూట చదువుతాడు. నువ్వు పంపి వెళ్ళిపోయినా దాన్ని ఏళ్ళ తరబడి మొయ్యాల్సింది వాళ్ళే. హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని అక్టోబరులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి మార్పులు పంపే ఉత్సవం ఒకటి జరుగుతుంది, 2014లో మొదలైంది. 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకి ఒక టీషర్టు ఆశతో వేలమంది రీడ్‌మీలో ఒక విశేషణం చేర్చి పంపారు. వాటిని మూసుకుంటూ కూర్చోలేక ప్రాజెక్టులవాళ్ళు మొత్తుకుంటే, ఒప్పుకున్న ప్రాజెక్టుల్లోనే లెక్కిస్తామని నెల మొదట్లోనే నియమం మార్చాల్సొచ్చింది. ఆ పంపినవాళ్ళంతా చెడ్డవాళ్ళు కాదు, ఎంత చిన్నదైనా ఇవ్వడమే గొప్ప అనుకున్నారు. ఉడతాభక్తి అనే మాట ఆ భ్రమకి చోటిస్తుంది. చిన్నది కదా, ఎలా ఉన్నా తీసుకుంటారనిపిస్తుంది.

ఇంకోటి. భక్తికి ఎదురుగా దేవుడుండాలి. ఇక్కడ ఎవరూ పైన లేరు. రాసినవారూ మనలాంటివాళ్ళే, వాళ్ళ కోడ్‌లో తప్పుంటే మర్యాదగా తప్పని చెప్పడమే నీ పని.

అందుకని నేనైతే “చెయ్యెయ్యడం” అంటాను. పెళ్ళివారింట పందిరి రాట ఎత్తేటప్పుడు “ఓ సెయ్యెయ్యి బావూ” అని పిలుస్తారు మన ఊళ్ళలో. వచ్చినవాడు ఎక్కడ పట్టుకోవాలో అడిగి పట్టుకుంటాడు, రాట నిలబడేదాకా వదలడు. “ఆ యాప్‌కి నేనూ ఓ చెయ్యేశాను” అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

బొబ్బిలి మాస్టారు:

అమ్మా, సెయ్యెయ్యడం నాకు బాగా నచ్చింది. ఆ మాటని సకారంతోనే రాసినందుకు ఇంకా నచ్చింది. గిడుగు రామమూర్తి గారు శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారు, వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్తూ, సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు కట్టారు. మాట ఎలా ఉండాలో మనుషుల్ని అడిగి తెలుసుకోవాలన్నది ఆయన పద్ధతి. మన వాళ్ళు పందిట్లో అనే మాటే కంప్యూటర్లోకీ పోతే అంతకన్నా కావలసిందేముంది?

కానీ ఉడుత విషయంలో నీతో విభేదిస్తాను. మా చిన్నప్పుడు పెద్దలు చెప్పిన కథలో ఉడుత దులిపిన ఇసక రాళ్ళ సందుల్లోకి పోయి సర్దుకుంది. ఎంత పెద్ద బండలు పేర్చినా సందులు మిగులుతాయి, వాటిని పూడ్చేది ఇసకే. వానరులు మొయ్యలేనిది ఉడుత తెచ్చింది. మన కుర్రాడు చేస్తున్నదీ అదే కదా. ఇంగ్లీషు పేర్లతో కట్టినప్పుడు మిగిలిపోయిన సందు అది, తెలుగువాడికే కనబడింది.

విజయనగరం ఉద్యోగిని:

మాస్టారూ, ఈ మాట నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కథ మీరు చెప్పినట్టే ఉండాలి. వాడుకలో మాత్రం సందు పూడ్చడం అనే అర్థం పోయి “చిన్నది” అన్నదొక్కటే మిగిలింది, నా పేచీ దానితోనే. మీరు గిడుగు వారిని తలిచారు కాబట్టి చెప్తున్నాను, ఆయన పేరుతో ఒకటి, గురజాడ వారి పేరుతో ఒకటి తెలుగు ఫాంట్లున్నాయి, రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉన్నాయి. ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చు, మార్పులు చేసుకోవచ్చు.

అలాంటి సందులు ఇంకా చాలా ఉన్నాయి. “డిలీటెడ్” అనే ముక్క, తరవాత ఫైలు పేరు, తరవాత “ఫ్రమ్” అనే ముక్క, తరవాత ఫోల్డరు పేరు, ఇలా విడివిడి ముక్కలు అతికించి వాక్యం చేసే కోడ్ ఎన్నో యాప్‌లలో కనబడుతుంది. తెలుగులో క్రియ చివర్న రావాలి, “లోంచి” ఫోల్డరు పేరు వెనక రావాలి. ఎంత మంచి అనువాదకుడికి ఇచ్చినా ఆ ముక్కలతో తెలుగు వాక్యం కట్టలేడు. కోడ్‌లో మొత్తం వాక్యాన్ని ఒకటిగా పెట్టి, పేర్లు వచ్చే చోట్లు మాత్రం ఖాళీ ఉంచితే, అనువాదకుడు ఆ ఖాళీల్ని తన భాషకి తగ్గట్టు అటూ ఇటూ జరుపుకుంటాడు. కోడ్ వచ్చి, తెలుగు బాగా తెలిసినవాళ్ళు చెయ్యాల్సిన పని ఇది. ఈ గ్రూపులో అలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు.

ఎచ్చెర్ల విద్యార్థి:

మాస్టారికీ, అప్పకీ దండాలు. ప్రాజెక్టులో కాంట్రిబ్యూటింగ్ ఫైలు ఉంది, చదివాను. పరీక్షలు నడిపాను, అన్నీ నెగ్గాయి. ఇష్యూ ఇంగ్లీషులో రాయాలంటే బెరుగ్గా ఉంది. ఏఐతో కోడ్ రాయించి పంపొచ్చా? జవాబు రాకపోతే ఎన్నాళ్ళు ఆగాలి?

విజయనగరం ఉద్యోగిని:

ఏఐ విషయం ప్రాజెక్టుని బట్టి ఉంటుంది. జెంటూ, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ల వాళ్ళు 2024లో అలాంటి కోడ్ వద్దన్నారు. వాడినట్టు చెప్తే చాలనేవాళ్ళూ ఉన్నారు. మీ ప్రాజెక్టు నియమం చూడు. నియమం లేకపోయినా, పంపిన ప్రతి వరసా ఎందుకుందో అడిగితే నువ్వే చెప్పగలగాలి. ఇంత చిన్న మార్పు నువ్వే రాయి, నేర్చుకునేది అక్కడే.

ఇంగ్లీషుకి బెరుకు వద్దు. ఏం చేశావు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఏ ఫోను, ఏ వెర్షను, ఇంతే రాయాలి. రెండు ఊళ్ళ పేర్లూ పక్కపక్కన పెట్టి తీసిన స్క్రీన్‌షాట్ జత చెయ్యి. తెలుగు చదవలేనివారికి “శ్” చూస్తే తప్పని తెలియదు కాబట్టి, “శ్రీ” అనేది ఒకే అక్షరమని ఒక వాక్యం కలుపు. ముందు తెలుగులో ఇక్కడ రాసి పెట్టు, కావలిస్తే నేను చూసి పెడతాను.

రెండు వారాలు ఆగు. ఆపైన ఒక్కసారి, “ఇది చూడటానికి వీలైందా, నావైపు నుంచి ఇంకేమైనా కావాలా” అని అడుగు. మార్పులు చెప్తే అదే బ్రాంచ్‌లో చేసి పంపు, కొత్త పుల్ రిక్వెస్ట్ తెరవకు.