తేనెటీగల పెంపకందార్ల బృందంలో చేరాలనుకుంటున్నాను: పెట్టెలు కొనే ముందు ఏమి నేర్చుకోవాలి?

ప్రశ్న: మందస ప్రాంతపు జీడి రైతు

అందరికీ నమస్కారం. ఉద్దానంలో మాకు రెండెకరాల జీడి తోట ఉంది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు పాత చెట్లు దాదాపు అన్నీ వేళ్లతో సహా ఒరిగిపోగా, మరుసటి ఏడు నాటిన అంట్లు ఇప్పుడు నిండుగా పూస్తున్నాయి. అయితే మా నాన్నగారి కాలంలో పూత మీద వినిపించిన ఈగల రొద ఇప్పుడు తోటలో లేదు. పోయిన మాఘమాసంలో మా పెంకుటింటి గోడ తొర్రలో ఒక పట్టు చేరింది. పిల్లలను కుడతాయన్న భయంతో, నేను ఇంట లేని సమయంలో ఇరుగుపొరుగువారు కాగడా పెట్టి దానిని కాల్చివేశారు. మరునాడు గోడ వారన రాలి ఉన్న ఈగలను చీపురుతో ఎత్తిపోసినప్పటి నుంచి, వీటి గురించి తెలుసుకొని చేతనైనంత కాపాడాలన్న కోరిక నన్ను వదలడం లేదు.

పక్క మండలంలో పదిహేను మంది పెంపకందార్లు నెలకొకసారి ఎవరో ఒకరి తోటలో కలుసుకుంటారని తెలిసింది. నేను ముందుగా పెట్టెలు కొనుక్కొని వారి దగ్గరకు వెళ్లాలా, లేక ఖాళీ చేతులతో వెళ్లినా నేర్పుతారా? దేశవాళీ ఈగలు మేలా, ఇటాలియన్ ఈగలు మేలా? మా అమ్మగారికి ఒకసారి కందిరీగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. అటువంటప్పుడు పెట్టెలను ఇంటి దగ్గర ఉంచవచ్చునా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: రాజాం నుంచి

ఖాళీ చేతులతోనే వెళ్లండి. నేను అందుకు విరుద్ధంగా చేసి నష్టపోయాను. మూడు రోజుల శిక్షణ పొందిన ఉత్సాహంలో ఐదు పెట్టెలు తెచ్చుకున్నాను. ఆ శిక్షణ పూత బాగా ఉన్న రోజులలో జరిగింది కనుక, ఏ పెట్టె తెరిచినా ఈగలూ తేనే నిండుగా కనిపించాయి; వానాకాలంలో అవి ఎలా బ్రతుకుతాయో మాకు ఎవరూ చూపలేదు. జూలై, ఆగస్టులలో బయట పూలు లేక, ఉన్న పూల మీదికి వాన వల్ల వెళ్లలేక ఈగలు తగ్గిపోతుంటే, పెట్టె తెరిస్తే వాటికి ఇబ్బంది అనుకొని నేను నెల పైగా మూత తీయలేదు. తీసేసరికి మూడింటిలో మైనపు పురుగు అల్లిన గూళ్లు తప్ప ఏమీ మిగలలేదు. ఈగలు కప్పి ఉంచలేని ఖాళీ చట్రాలలోనే (ఈగలు పట్టు కట్టుకోవడానికి పెట్టెలో నిలబెట్టే చెక్క ఫ్రేములలోనే) ఆ పురుగు చేరుతుందని, అందువల్ల ఈగల సంఖ్య తగ్గినప్పుడు అదనపు చట్రాలను తీసివేసి, పంచదార, నీరు సమపాళ్లలో కలిపిన పాకాన్ని సాయంత్రం పూట పెట్టె లోపల ఉంచాలని బృందంలో చేరిన తర్వాతనే తెలుసుకున్నాను.

అందుకే ఒక ఏడాది పాటు, అన్ని కాలాలలోనూ, ఇతరుల పెట్టెలు తెరవడంలో చేయి సాయం చేయమని నా మనవి. నువ్వు పూత, జీడి, మామిడి పూతలు, ఆ తరువాత వేప, కానుగ, నేరేడు, వానలు పడేనాటికి చింత: ఇలా ఏ పూతకు పట్టు ఎలా మారుతుందో కళ్లతో చూడవలసిందే. మీ ఉద్దానంలో కొబ్బరి ఏడాది పొడవునా పూయడం ఈగలకు పెద్ద ఆసరా.

నాకు బృందంలో మొదట నేర్పినది గుడ్లను గుర్తించడం. సూర్యుడిని వీపు వెనుక ఉంచుకొని చట్రాన్ని కొంచెం వంచితే, పట్టులోని మైనపు గది అడుగున తెల్లని దారపు తునక వంటి గుడ్డు కనిపిస్తుంది. ఆ గుడ్డు 3 రోజులకు పొదుగుతుంది కనుక, అది కనిపించిందంటే 3 రోజుల లోపల రాణి అక్కడ తిరిగిందని అర్థం. రాణిని వెతుకుతూ పెట్టెను అరగంట సేపు తెరిచి ఉంచనక్కరలేదు. పుస్తకంలో ఇది ఒక వాక్యమే, కాని నా కంటికి అలవాటు కావడానికి నాలుగు సమావేశాలు పట్టాయి.

జవాబు: కొత్తూరు వైపు నుంచి

దేశవాళీ పుట్ట తేనెటీగతో మొదలుపెట్టండి. మీ గోడ తొర్రలో చేరినది కూడా బహుశా అదే. చీకటి తొర్రలలో వరుసగా అనేక పట్లు పెట్టడం దాని స్వభావం. చెట్టు కొమ్మకో కొండ చరియకో ఒకే పెద్ద పట్టు కట్టే కొండ తేనెటీగను, పొదలలో చిన్న పట్టు పెట్టే విసనకర్ర తేనెటీగను పెట్టెలలో పెంచలేము. ఇటాలియన్ ఈగ ఎన్నో రెట్లు తేనె ఇచ్చే మాట నిజమే, కాని పూత ఎక్కడ ఉంటే అక్కడికి పెట్టెలను లారీలో తరలించగలవారికే అది గిట్టుబాటు. పుట్ట ఈగ ఏడాదికి 5 నుంచి 10 కిలోలు ఇస్తే సంతోషించాలి. అయితే అది ఈ నేలకు చెందిన ఈగ. ఇటాలియన్ ఈగలను పీడించే వరోవా నల్లిని తన ఒంటి మీద నుంచి తానే దులుపుకోగలదు.

దానికీ ఒక గండం ఉంది. 1991, 92 సంవత్సరాలలో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణ భారతంలో పుట్ట ఈగల పట్లను చాలా వరకు తుడిచిపెట్టింది. పిల్ల పురుగు ప్యూపా కాకముందే నీరు నిండిన తిత్తిలా మారి చనిపోతుంది. ఏ పెట్టెలోనైనా అది కనిపిస్తే, అక్కడి చట్రాన్ని మరో పెట్టెలోకి మార్చకూడదు, వాడిన పనిముట్లను శుభ్రం చేయకుండా ఇంకో పెట్టెను ముట్టుకోకూడదు. మీరు చేరబోయే బృందం ఈ నియమం పాటిస్తున్నదో లేదో మొదటి రోజే గమనించండి. పాటించకపోతే, ఎంత మంచివారైనా వారి నుంచి ఈగలు తెచ్చుకోవద్దు.

ఇకపై గోడలో పట్టు చేరితే బృందం వారిని పిలవండి. పొగ వేసి, పట్లను ఒక్కొక్కటిగా కోసి, పిల్ల పురుగులున్న భాగాన్ని అరటి నారతో చట్రానికి కట్టి, రాణితో సహా పెట్టెలోకి దించుతారు. రాణి లోపలికి చేరితే మిగిలినవి దాని వెంటే వస్తాయి. మా ఊరి బడి గోడలో పట్టును తీసినప్పుడు రెండు గంటలు పట్టింది.

జవాబు: విజయనగరం నుంచి, వృత్తిరీత్యా నర్సును

మీ అమ్మగారి విషయంలో మాత్రమే వ్రాస్తున్నాను. కుట్టిన చోట వాపు, నొప్పి అందరికీ ఉంటాయి. ఒళ్లంతా దద్దుర్లు రావడం వేరు. ఈసారి ఆయాసం, పెదవులు వాయడం, కళ్లు తిరగడం కూడా రావచ్చు. అప్పుడు పసర్లు, సున్నం అంటూ ఆలస్యం చేయకుండా ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వగల ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. కందిరీగ విషం, తేనెటీగ విషం ఒకటి కావు, అయినా ముందుగా ఆమెను వైద్యునికి చూపించండి. పెట్టెలు తోటలోనే ఉంచండి. మిమ్మల్ని కుడితే ముల్లును నలపకుండా గోటితో వెంటనే గీకి తీసివేయండి. ముల్లు నుంచి వచ్చే వాసన మిగిలిన ఈగలను కూడా రెచ్చగొడుతుంది.

జవాబు: వజ్రపుకొత్తూరు నుంచి, నేనూ జీడి రైతునే

అన్నగారూ, మీ తోటలో రొద ఎందుకు లేదో ఒకసారి ఆలోచించండి. జీడి చిగురు, పూతల రసం పీల్చే టీ దోమ అనే పురుగు కోసం చిగురు వేసేటప్పుడు, పూతలో, పిందె దశలో మనమందరమూ మందు కొడుతున్నాము. పూత మీద ఉదయం కొట్టిన మందు ఆ పూటకే ఈగలను నేల రాలుస్తుంది. నేను మందు పూర్తిగా మానలేదు. మానితే పూత మాడిపోయి పిక్క దక్కదు. అయితే పూతకు ముందే చిగురు దశలో తోటంతా తిరిగి చూసి, దోమ ఉన్న చెట్లకే కొడుతున్నాను. పూతలో తప్పనిసరి అయితే సాయంత్రం ఈగలు గూటికి చేరిన తరువాత కొడుతున్నాను. ముందు రోజు రాత్రి పెట్టె ద్వారానికి గాలి ఆడే సన్నని జాలీ బిగిస్తాను. గాలి ఆడకుండా ద్వారాన్ని గట్టిగా మూస్తే మన ఎండకు లోపలి మైనం కరిగి ఈగలు ఉడికిపోతాయి.

కష్టమంతా పక్క తోటలవారితోనే. మా బృందంలో ఐదుగురం కలిసి ఇంటింటికీ వెళ్లి, మందు కొట్టే రోజును ముందు రోజు ఫోనులో చెప్పమని బ్రతిమాలుకున్నాము. ఒంటరిగా వెళ్లినప్పుడు వినని మాటను ఐదుగురం వెళితే విన్నారు. బృందంలో చేరడం వల్ల నాకు కలిగిన ప్రయోజనాలలో దీనినే మొదట చెబుతాను.

పెట్టెల స్టాండు కాళ్లను చీమలు ఎక్కకుండా నీటి పళ్లేలలో ఉంచండి. తుపాను హెచ్చరిక రాగానే పెట్టెను స్టాండుకు తాడుతో కట్టి మూత మీద రాయి పెట్టండి. తిత్లీలో నావి నాలుగు దొర్లిపోయాయి. మిగిలిన ఒక్క పట్టు కూడా, చుట్టూ పూసే చెట్టు లేక, మూడు వారాలకు లేచిపోయింది.

మళ్లీ ప్రశ్న అడిగిన రైతు

అందరికీ కృతజ్ఞతలు. పెట్టెలు ఈ ఏడాది కొనను. అమ్మగారిని వచ్చే బుధవారం వైద్యునికి చూపిస్తున్నాను. మా తోటకు ఆనుకొని ఉన్న నలుగురితో నిన్న మాట్లాడాను. ఇద్దరు సాయంత్రం మందు కొట్టడానికి ఒప్పుకున్నారు, మిగిలిన ఇద్దరి దగ్గరకు బృందం వారిని వెంటబెట్టుకొని వెళతాను. గోడ తొర్రను పూడ్చమని ఇంట్లో అంటున్నారు గాని, లోపల పాత మైనం కొంత కాలకుండా మిగిలి ఉండగా గీకి డబ్బాలో దాచాను. ఖాళీ పెట్టె లోపల ఆ మైనం రాస్తే కొత్త పట్టు దానంతట అదే వచ్చి చేరుతుందని ఊళ్లో ఒక పెద్దాయన చెప్పారు. ఆదివారం సమావేశానికి ఆ డబ్బాను తీసుకువెళుతున్నాను.