అప్‌డేట్: 70 ప్రశ్నలకే ఆగిన పరీక్ష

అమెరికాలో మా చెల్లి రాసిన ఈఎంటీ (అంబులెన్సులో అత్యవసర వైద్యం చేసే టెక్నీషియన్) నేషనల్ రిజిస్ట్రీ పరీక్ష 70 ప్రశ్నలకే ఆగిపోయింది, ఫెయిలైనట్టేనా అని మొన్న అడిగాను కదా. పాసైంది!

ఫోన్ వచ్చేసరికి కోటిపల్లి రేవులో పంటు మీదున్నాను. గోదావరి మధ్యలో "అన్నయ్యా, పా..." దగ్గర సిగ్నల్ పోయింది. ముక్తేశ్వరం ఒడ్డు చేరేదాకా ఒకటే టెన్షన్.

మీలో కొందరు చెప్పిందే నిజం. ప్రశ్నలు 70 నుంచి 120 దాకా వస్తాయి; మన స్థాయి తేలగానే కంప్యూటరే ఆపేస్తుంది. త్వరగా ఆగితే పాసనీ కాదు, ఫెయిలనీ కాదు.

అయితే ఈ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, ఉద్యోగానికి అక్కడి రాష్ట్రం లైసెన్సు వేరే తీసుకోవాలి. దానికి అప్లై చేసింది. నేషనల్ రిజిస్ట్రీ సర్టిఫికెట్‌కి రెన్యువల్ రెండేళ్లకోసారి. అమ్మ మాత్రం అప్పుడే ఆత్రేయపురం పూతరేకులు ప్యాక్ చేయిస్తోంది.