పగడపు దిబ్బల గురించి పిల్లలకు చేతిపనులతో చెప్పడం: ఫలితం ఉందా, లేదా?

నిజాంపేట నాన్న:
మా పాప ఆరో తరగతి. పోయిన నెల బడిలో పగడపు దిబ్బ మోడల్ చేసి తెమ్మన్నారు. చెప్పింది శుక్రవారం, ఇవ్వాల్సింది సోమవారం. వాట్సాప్ గ్రూపులో అమ్మానాన్నలందరికీ ఒకటే టెన్షన్. కొందరు ప్రాజెక్టులు చేసిచ్చే షాపులో డబ్బులిచ్చి తెచ్చుకున్నారు, మిగతావాళ్లం రాత్రి కూర్చుని థర్మకోల్ కోశాం. ప్రదర్శన రోజు వెళ్లి చూస్తే అన్నీ ఒకే తీరు. నీలం రంగు వేసిన అట్టపెట్టె, గులాబీ రంగు స్పాంజి కొమ్మలు, దారానికి వేలాడే ప్లాస్టిక్ చేపలు. అక్కడ నిలబడ్డ పిల్లల్ని అడిగాను, పగడం మొక్కా, రాయా, జంతువా అని. ఎక్కువమంది మొక్క అన్నారు. ఒక బాబు రాయి అన్నాడు. జంతువని ఒక్కరూ అనలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ చేతిపనులు ఆపేయాలి. మంచి వీడియో ఒకటి చూపించి, టీచర్ అరగంట శ్రద్ధగా చెప్తే ఇంతకంటే ఎక్కువ వస్తుంది. పైగా సముద్రం మనకు రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైనే ఉంది. మీరేమంటారు?

చెరువు గట్టు:
నేనైతే ఇంకో అడుగు ముందుకేసి అంటాను. పగడాలే వద్దు ఇప్పుడు. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఆ చుట్టుపక్కల బడుల్లో ఎంతమంది పిల్లలు గట్టు మీద నిలబడి ఒక పక్షి పేరు చెప్పగలరు? చేత్తో పట్టుకుని నేర్చుకోవాలంటే పట్టుకోగలిగింది మన దగ్గర ఉండాలి కదా. చెరువు ఉంది, బండరాళ్లు ఉన్నాయి, మూసీ ఉంది. లేని సముద్రాన్ని అట్టపెట్టెలో తెచ్చిపెట్టడం దేనికి?

సర్కారు బడి సైన్స్ టీచర్:
నాన్నగారు చూసింది నిజం, నేనూ అలాంటి ప్రదర్శనలు చాలా చూశాను. కానీ అక్కడ ఉన్నది చేతిపని లోపం అని నేను ఒప్పుకోను. ఆ మోడల్‌లో పిల్లల చేతులు చేసిన పని ఏంటి? ఒక ఫొటో చూసి దాని ఆకారం దించడం. పగడం చేసే పని ఒక్కటి కూడా ఆ చేతులు చేయలేదు. అందుకే అది మొక్కో, రాయో వాళ్లకు తెలియలేదు. కొమ్మల ఆకారం చేయిస్తే పిల్లలు మొక్క అనే అంటారు, అందులో వాళ్ల తప్పేముంది?

మా క్లాసులో చేసేది చెప్తాను. ఖర్చు దాదాపు లేదు. పగడపు దిబ్బ కట్టేది పాలిప్ అనే చిన్న జీవి. గొట్టం లాంటి ఒళ్లు, పైన నోరు, నోటి చుట్టూ మీసాల్లాంటి చేతులు. అది తన కింద సున్నంతో గిన్నె లాంటి గూడు కట్టుకుంటుంది. దాని ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఆ నాచు ఎండతో తయారుచేసే ఆహారంలో ఎక్కువ భాగం పాలిప్‌కే ఇస్తుంది, పగడానికి రంగు కూడా చాలావరకు దాని వల్లే.

ఇప్పుడు ఆట. ఒక్కో పిల్లకు పారదర్శకంగా ఉండే చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో పిడికెడు పెసలు. కవరే పాలిప్ ఒళ్లు, పెసలే నాచు. కవరు కింద తెల్ల కాగితంతో చేసిన గిన్నె, అది సున్నపు గూడు. నేను బోర్డు మీద ఉష్ణోగ్రత రాస్తాను. మామూలు ఎండాకాలపు వేడి ఉన్నంతసేపు ఒక్కో చప్పట్లకి ఒక్కో బెల్లం ముక్క ఇస్తాను, నాచు పెట్టే తిండి అన్నమాట. ఒక డిగ్రీ పెంచి కొన్ని చప్పట్లపాటు అలాగే ఉంచితే పెసలు బయటికి పోసేయాలి. బెల్లం ఆగిపోతుంది. అప్పుడు కవరులోంచి కింద తెల్ల కాగితం కనిపిస్తుంది. ఆ క్షణంలో పిల్లలకు అర్థమవుతుంది, పగడం తెల్లబడటమంటే దానికి ఎవరో సున్నం పూయడం కాదు, లోపలి నాచు పోయి కింది సున్నపు గూడు కనబడటం అని. అదెన్ని వీడియోలు చూపించినా నేను చెప్పించలేకపోయిన మాట. పెసలు పోయినా కవరు ఉంది కదా సార్, అంటే చచ్చిపోలేదా అని వాళ్లే అడుగుతారు. అవును, వెంటనే చావదు. వేడి తొందరగా తగ్గితే నాచు మళ్లీ చేరుతుంది. వారాల తరబడి తగ్గకపోతే ఆకలితో పోతుంది.

ఏడో తరగతి అమ్మ:
టీచర్ గారూ, బెల్లం ఆట బాగుంది. నాకు వేరే భయం ఉంది. మా బాబు దిబ్బలు చచ్చిపోతున్నాయని విని వచ్చి రాత్రంతా ఏడ్చాడు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకి ఇంత బరువైన సంగతి చేతికిచ్చి ఆడించడం సరైనదేనా?

సర్కారు బడి సైన్స్ టీచర్:
అమ్మా, ఆ ఏడుపు అబద్ధపు భయంతో వచ్చింది కాదు, కాబట్టి నేను దాచమనను. 1998లో లక్షద్వీప్‌లో పగడాలు పెద్దఎత్తున చచ్చిపోయాయి. 2010లో, 2016లో మళ్లీ ప్రపంచమంతటా తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచవ్యాప్త తెల్లబాటు జరుగుతోందని అమెరికా సముద్ర శాస్త్రవేత్తలే ప్రకటించారు. ఇవన్నీ జరిగినవి. కానీ ఆటను పెసలు పారబోసిన చోట ఆపకూడదు. నేను ఎప్పుడూ రెండో సగం ఆడిస్తాను, వేడి తగ్గింది అని రాసి, పెసలు ఒక్కొక్కటే వెనక్కి వేయిస్తాను. వెనక్కి రావడం ఎంత నిదానమో కూడా అప్పుడే తెలుస్తుంది. మొదటి సగంతోనే గంట కొట్టేస్తే పిల్లాడు ఏడుస్తూనే ఇంటికొస్తాడు.

ల్యాబు కెమిస్టు, నాచారం:
మీ పెసల ఆట సరే. మిగతా బడుల్లో చేయించే వెనిగర్ ప్రయోగం మాత్రం ఆపించాలి. చాక్‌పీసు వెనిగర్‌లో వేసి, చూడండి పగడాలు ఇలాగే కరిగిపోతున్నాయి అని చెప్తారు. అందులో రెండు తప్పులున్నాయి.

మన దగ్గర దొరికే బోర్డు చాక్‌పీసులు చాలావరకు జిప్సంవి. వెనిగర్‌లో వేస్తే బుడగలు రావు. టీచరమ్మ వస్తాయి అంటుంది, పిల్లలు గ్లాసులోకి చూస్తూనే ఉంటారు, ఏమీ రాదు. చివరికి వచ్చాయి అని నోట్‌బుక్‌లో రాసుకుంటారు. కళ్లతో చూసింది వదిలేసి చెప్పింది రాయడం ఆ రోజే నేర్పేస్తున్నాం. కోడిగుడ్డు పెంకు వేయండి, అది కాల్షియం కార్బొనేట్, పగడపు గూడూ అదే పదార్థం. పెంకు మీద చిన్న చిన్న బుడగలు వరసగా పట్టి పైకి లేస్తాయి. ఒకటి రెండు రోజులకి పెంకు పోయి మెత్తటి పొర మిగులుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. పీహెచ్ అంటే ఆమ్లం, క్షారం కొలిచే అంకె, ఏడుకి కింద ఆమ్లం, పైన క్షారం. వెనిగర్ పీహెచ్ రెండున్నర చుట్టూ ఉంటుంది. సముద్రం పీహెచ్ పారిశ్రామిక యుగానికి ముందు 8.2 ఉండేది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి ఇప్పుడు 8.1 దగ్గరకు వచ్చింది. అంటే ఇప్పటికీ క్షారమే. సముద్రం వెనిగర్ కాదు, కాబోదు కూడా. ఆ చిన్న తేడాకే పగడానికి గూడు కట్టుకోవడం కష్టమవుతుంది, ఎందుకంటే కట్టడానికి కావాల్సిన కార్బొనేట్ నీళ్లలో తగ్గిపోతుంది. కరిగిపోవడం వేరు, కట్టలేకపోవడం వేరు. ఇక తెల్లబడటానికి కారణం వేడి. రెండింటి వెనకా ఉన్నది కార్బన్ డయాక్సైడే అయినా రెండు జబ్బులూ ఒకటి కావు. వెనిగర్ చూపించి తెల్లబాటు అని చెప్తున్న టీచర్లు ఎంతమంది ఉన్నారో.

నిజాంపేట నాన్న:
చూశారా, నేను అన్నదే ఇది. చేతిపని చేయిస్తే తప్పు పాఠం గట్టిగా అంటుకుంటుంది. చదివింది మర్చిపోతారేమో కానీ చేసింది మర్చిపోరు.

ల్యాబు కెమిస్టు, నాచారం:
లేదు సార్, నేను ప్రయోగమే వద్దనలేదు, ఆ ప్రయోగం వద్దన్నాను. దాని బదులు ఇది చేయించండి. రైతు బజార్లో ఊదా రంగు క్యాబేజీ దొరుకుతుంది. నాలుగు ఆకులు తరిగి వేడి నీళ్లలో నానబెడితే రంగు దిగుతుంది. పల్చగా కలిపి, గోరు కొనంత తినేసోడా వేస్తే నీలంగా మారుతుంది. ఇప్పుడు గ్లాసులో స్ట్రా పెట్టి పిల్లల్ని ఊదమనండి. ఊదగా ఊదగా ఆ నీలం మెల్లగా ఊదా వైపు తిరుగుతుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి చేసిన పని అది. పక్కన ఊదని గ్లాసు ఒకటి ఉంచాలి, లేకపోతే తేడా కనబడదు. సోడా ఎక్కువైతే ఎంత ఊదినా కదలదు, ఆ జాగ్రత్త తీసుకోండి. పీల్చకూడదు, ఊదడమే అని ముందే గట్టిగా చెప్పాలి.

తాండూరు బిడ్డ:
సున్నం గురించి మాట వచ్చింది కాబట్టి. హైదరాబాద్‌లో పాత ఇళ్లల్లో పరిచినవి మా తాండూరు బండలు, షాబాద్ బండలు. అవి సున్నపురాయి. బాత్రూం యాసిడ్ పడితే బుసబుసమని పొంగి మచ్చ పడుతుందని ప్రతి ఇంట్లో తెలుసు. పిల్లలకు గుడ్డు పెంకుతో పాటు ఒక బండముక్క, ఒక గ్రానైటు ముక్క ఇవ్వండి. గ్రానైటు మీద ఏమీ కాదు. ఆ బండలు కోట్ల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రంలో పేరుకున్నవే. పగడాలు పుట్టకముందు సంగతి అది. సముద్రం మనకు దూరమంటున్నారు కానీ మన ఇళ్లలో కాళ్ల కింద పరిచిన బండ ఒకప్పటి సముద్రం అడుగే.

చెరువు గట్టు:
తాండూరు అన్న చెప్పింది బాగుంది. అయినా నా ప్రశ్న మిగిలే ఉంది. పాత సముద్రం రాయి ఉంది సరే, ఇప్పుడున్న పగడంతో హైదరాబాద్ పిల్లకు సంబంధమేంటి?

సర్కారు బడి సైన్స్ టీచర్:
మీ మూసీయే సంబంధం. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలున్నవి మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి ప్రాంతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. ఇంత పొడుగు ఆంధ్ర తీరం ఉండి అక్కడ అలాంటి దిబ్బలు ఎందుకు లేవని ఏ పిల్లయినా అడగాలి. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్లు, ఒండ్రు మట్టి పెద్ద కారణం. నాచుకి ఎండ కావాలి, బురద నీళ్లలో ఎండ దిగదు. పాలిప్ మీద మట్టి పేరుకుంటే అది దులుపుకోవడంలోనే అలసిపోతుంది.

దీనికి రెండు గ్లాసులు చాలు. ఒకదాంట్లో మంచి నీళ్లు, రెండోదాంట్లో చెంచాడు ఎర్రమట్టి. వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి ముందు కాగితం పెడితే వెలుగు ఎంత వచ్చిందో కనిపిస్తుంది.

చెరువు గట్టు:
ఇదైతే నేను చెరువులో చేయిస్తున్న పనే. స్టీలు పళ్లేనికి నలుపు తెలుపు నాలుగు భాగాలుగా రంగు వేసి, ముడులు వేసిన తాడు కట్టి నీళ్లలోకి దించుతాం. పళ్లెం కనబడకుండా పోయిన చోట ముడులు లెక్కపెడతాం. సముద్రం మీద శాస్త్రవేత్తలు వాడేదీ ఇలాంటి పళ్లేన్నే. సరే, చెరువులో పళ్లెం దించాక పగడం గురించి చెప్పండి, నాకు అభ్యంతరం లేదు. ముందు పగడం, తర్వాత తీరికుంటే చెరువు అంటే మాత్రం ఒప్పుకోను.

ప్రగతి నగర్ వాసి:
ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. దేశంలో ఏ దిబ్బ దగ్గర సముద్రం వేడెక్కుతోందో చూసి తెల్లబాటు హెచ్చరికలు ఇచ్చేది మన ఊళ్లోనే, ప్రగతి నగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ. ఉపగ్రహాల ద్వారా సముద్రం పైభాగపు ఉష్ణోగ్రత చూసి 2011 నుంచి అండమాన్, నికోబార్, లక్షద్వీప్, కచ్, మన్నార్‌లకు ఈ హెచ్చరికలు ఇస్తున్నారు. సునామీ హెచ్చరికలూ ఇక్కడి నుంచే. పిల్లల చేత గ్రాఫు గీయించవచ్చు. ఎండాకాలపు మామూలు గరిష్ఠం దగ్గర అడ్డగీత, దానికి ఒక డిగ్రీ పైన ఎర్రగీత. ఎర్రగీత పైన ఎన్ని వారాలు ఉందో లెక్కపెట్టాలి. అక్కడి శాస్త్రవేత్తలు చేసే లెక్కకు ఇది చిన్న రూపం. ఒక డిగ్రీకే ఇంత గోలా అని అడుగుతారు. మన ఒళ్లు 37 నుంచి 38 అయితే ఆ రోజు బడికి పంపుతామా అని అడగండి.

ఏడో తరగతి అమ్మ:
ఒక సందేహం. మా బంధువులు చాలా ఏళ్ల కిందట అండమాన్ నుంచి తెచ్చిన పగడపు ముక్క షోకేసులో ఉంది. బాబు బడికి తీసుకెళ్తానంటున్నాడు. చేత్తో పట్టుకుని చూస్తే పిల్లలకు బాగా తెలుస్తుంది కదా?

సర్కారు బడి సైన్స్ టీచర్:
వద్దమ్మా. దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులికి ఉన్నంత రక్షణ. చనిపోయిన ముక్క అయినా తీయడం, అమ్మడం నేరమే. ఒకరు తెస్తే, మరుసటి సెలవులకి ఇంకో పదిమంది ఏరుకుని వస్తారు. మంచి ఫొటో దగ్గరగా పెట్టి, గుండ్రటి గిన్నెలు లెక్కపెట్టించండి. చార్మినార్ దగ్గర ఉంగరాల్లో పొదిగే ఎర్ర పగడం వేరే సంగతి, అది ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వస్తుంది, దిబ్బలు కట్టే జాతి కాదు. పిల్లలు దాన్నే తలుచుకుంటారు కాబట్టి ఇది కూడా చెప్పాలి.

నిజాంపేట నాన్న:
చాలా తెలిసింది. పెసలు, రెండు గ్లాసులు, క్యాబేజీ నీళ్లు, ఇవి క్లాసులో టీచర్ ముందు జరిగేవి. నేను పడ్డ బాధ ఇంటికి పంపే మోడల్ గురించి. కాబట్టి నా మాట కొంచెం మార్చి చెప్తాను. ఇంటికి పంపే మోడల్ ఆపాలి, క్లాసులో చేయించేది పెంచాలి. అలంకరణ థర్మకోల్‌ను 2022 జూలై 1 నుంచి కేంద్రమే నిషేధించిన ఒక్కసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో పెట్టింది. సముద్రం పాఠం కోసం అదే కొనుక్కురమ్మనడం ఏం న్యాయం? వీడియో మాత్రం నేను వదలను. బతికున్న పాలిప్ చేతులు చాచి తిండి పట్టుకోవడం పెసల్లో కనబడదు. వచ్చే పేరెంట్స్ మీటింగులో ఇదే అడుగుతాను. కానీ వాళ్లు ముందు అడిగేది నాకు తెలుసు. మోడల్ లేకపోతే మార్కులు దేనికి వేయాలి అంటారు. దానికేం చెప్పమంటారు?

సర్కారు బడి సైన్స్ టీచర్:
వీడియో ముందు చూపించండి సార్, ఆట తర్వాత పెట్టండి, నేనూ అలాగే చేస్తాను. మార్కుల సంగతి కష్టమేం కాదు. పిల్లను పిలిచి కవరు, పెసలు, కాగితం గిన్నె చేతికిచ్చి, ఒక డిగ్రీ పెరిగి నెల రోజులు అలాగే ఉంది, చేసి చూపించు అనండి. ముందు ఏది పోతుంది, ఏది మిగులుతుంది, ఎందుకు తెల్లగా కనబడుతోంది, ఇంకా బతికే ఉందా అని నాలుగు ప్రశ్నలు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడుతుంది. యాభై మంది ఉన్న క్లాసులో రెండు మూడు పీరియడ్లు పోతాయి, అది నిజమే, ఆ టైం ఇవ్వమని హెడ్మాస్టర్‌ను అడగాలి. మీటింగులో మీరు అడగాల్సింది ఆ పీరియడ్లే.