అప్‌డేట్: పెరట్లో అద్దె పోర్షన్ కట్టేశాం

నల్గొండలో మా ఇంటి వెనక ఖాళీ జాగాలో ఒక గది, వంటిల్లు కట్టి అద్దెకివ్వొచ్చా, రేకులా స్లాబా అని అడిగాను కదా. సెట్‌బ్యాక్, అంటే ప్రహరీకీ కట్టడానికీ మధ్య వదలాల్సిన ఖాళీ, ముందు కొలిపించుకోమన్న అన్నకు దండం. ప్రహరీకి ఆనించి కడదామన్నాడు మేస్త్రీ. ఒప్పుకోలేదు, ప్లాన్ గీయించి పర్మిషన్ వచ్చాకే ముగ్గు పోయించాం. తెలంగాణలో ఇళ్ల పర్మిషన్ల కోసం తెచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టంలో పర్మిషన్ అక్కర్లేదన్నది 75 గజాల వరకు ఉన్న ప్లాట్లకే, మాది పెద్దది.

స్లాబే వేశాం. ఖర్చు పెరిగింది, కానీ మే ఎండకు రేకుల కింద మనుషులు ఎలా ఉంటారు? కూల్ పెయింట్ కూడా వేయించాం. బోరు ఒకటే, కరెంటు మీటర్ వేరు.

నర్సింగ్ చదివే అమ్మాయి, వాళ్లమ్మ దిగారు. వాళ్లు ఇచ్చుకోగలిగిన అద్దే అడిగాం. సాయంత్రాలు మా అమ్మకు తోడు దొరికింది, నాకు సగం టెన్షన్ పోయింది. స్లాబు నీళ్లను ఇంకుడు గుంతకు కలిపే పైపు మిగిలింది, వానల్లోపు వేయిస్తాం.